పాడిన గొంతుకు ఎన్నేళ్ల హక్కు? తరచుగా అడిగే ప్రశ్నలు

కడప చుట్టుపక్కల భజన బృందాల్లో, నాటక సమాజాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. అనంతపురం, కర్నూలు నుంచి ఫోన్ చేసి అడిగినవాళ్లూ ఉన్నారు. నేను లాయర్‌ని కాను. హార్మోనియం వాయిస్తాను. క్యాసెట్లు బాగా అమ్ముడుపోయిన రోజుల్లో చాలా రికార్డింగులకు వెళ్లాను. కాపీరైట్ చట్టాన్ని ఆ తర్వాతే కూర్చుని చదివాను. చదివింది, చూసింది ఇక్కడ రాస్తున్నాను. కోర్టు దాకా వెళ్లాల్సిన విషయమైతే మాత్రం మీ కాగితాలన్నీ తీసుకుని లాయర్ దగ్గరికే వెళ్లండి.

అన్నా, అసలు ఈ గొడవంతా దేని గురించి?

రికార్డయిన పాట మీద పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ ఉండే హక్కు ఎన్నేళ్లు నిలవాలి అన్నదే గొడవ. మన దేశంలో ఇప్పుడది 50 ఏళ్లు. యూరప్‌లో కూడా 50 ఉండేది, 2011లో దాన్ని 70 చేశారు.

ఇరవై ఏళ్ల వయసులో పాడిన మనిషికి డెబ్బై వచ్చేసరికి, అంటే మందులకూ ఆసుపత్రికీ డబ్బు కావాల్సిన వయసులో, హక్కు చేజారిపోతుందని పెంచమనేవాళ్లు అంటారు. పెంచితే బాగుపడేది కంపెనీలే, పాత సంగీతం జనానికి అందకుండా పోతుంది అని వద్దనేవాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది.

ఒక్క పాట మీద ఇన్ని హక్కులేంటి? నాకు తలా తోకా తెలియడం లేదు.

అన్నమయ్య కీర్తన తీసుకుందాం, మనకు దగ్గరిది కాబట్టి. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. ఆయన సాహిత్యం అందరిదీ, దాని మీద ఎవరి హక్కూ లేదు. మరి వరుస? రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. మనం ఇవాళ పాడే వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వాటిలో కొన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారివి. ఆయన అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు, 1979లో పోయారు. రాసినవాళ్లకైనా, వరుస కట్టినవాళ్లకైనా హక్కు బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్లు. అంటే ఆయన కట్టిన వరుసల మీద హక్కు 2039 చివరిదాకా నడుస్తుంది.

ఆ వరుసలో ఒకామె 1996లో క్యాసెట్టుకు పాడిందనుకోండి. క్యాసెట్టు అదే ఏడాది విడుదలైంది. రికార్డింగు మీద హక్కు దాన్ని డబ్బు పెట్టి చేయించిన కంపెనీది. విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు, అంటే 2056 చివరిదాకా. పాడినామెకు, తబలా వాయించినాయనకు, వయొలిన్ వాళ్లకు తమ పాట మీద, తమ వాయింపు మీద విడిగా హక్కుంది. చట్టం దీన్ని ప్రదర్శకుల హక్కు అంటుంది. పాడిన ఏడాది ముగిశాక 50 ఏళ్లు, అంటే 2046 చివరిదాకా.

సాహిత్యం, వరుస, రికార్డింగు, ప్రదర్శన. నాలుగూ వేరు, నాలుగింటి లెక్కా వేరు. ఇకమీద ఎవరైనా 'ఈ పాట కాపీరైట్ అయిపోయింది' అంటే, 'నాలుగింటిలో ఏది?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న తెలిసినవాళ్లను మోసం చేయడం కష్టం.

ఆగన్నా. పాడినామె హక్కు 2046లో పోతే, కంపెనీ హక్కు 2056 దాకానా?

అవును. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నమ్మలేక చట్టం మళ్లీ తీసి చూశాను. రికార్డింగుల గురించి చెప్పే 27వ సెక్షన్‌లో 60 ఉంది. ప్రదర్శకుల గురించి చెప్పే 38వ సెక్షన్‌లో 50 ఉంది. ఆ చివరి పదేళ్లు అదే గొంతును కంపెనీ అమ్ముకోవచ్చు. ఒప్పందంలో విడిగా రాసుకుని ఉంటే తప్ప, ఆ గొంతు ఎవరిదో వాళ్లు చట్టం చూపించి ఏమీ అడగలేరు. గడువు గురించి మాట్లాడే మన కళాకారుల్లో కూడా చాలామందికి ఈ తేడా తెలియదు. యూరప్‌లో మార్చినప్పుడు కంపెనీకీ పాడినవాళ్లకూ ఇద్దరికీ 70 చేశారు.

మా జేజినాయన 1970లలో నాటక పద్యాలు రికార్డుకు పాడినాడు. మాకేమైనా వస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. 1957లో కాపీరైట్ చట్టం చేసినప్పుడు అందులో పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు హక్కంటూ లేదు. సంగీతం అంటే కాగితం మీద రాసిన స్వరమే, పాడిన గొంతు కాదు అన్నట్టు ఉండేది నిర్వచనం. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాటల కేసులో నిర్మాతల పక్షాన తీర్పు ఇస్తూ ఉండగా, జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట జోడించారు. మన దేశంలో పాటకు ప్రాణం పోసేది పాడేవాళ్లేననీ, వాళ్లకూ హక్కు ఇవ్వడం గురించి పార్లమెంటు ఆలోచించాలనీ దాని సారాంశం. మరుసటి ఏడాది, 1978లో, సినిమాలో నటించిన నటుడికి తన నటన మీద కాపీరైట్ లేదని బొంబాయి హైకోర్టు తేల్చింది. పార్లమెంటు కదలడానికి 1994 దాకా పట్టింది.

ఆ సవరణ 1995 మే 10 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పుడు ఇచ్చింది 25 ఏళ్లే. 1999లో మళ్లీ సవరించి 50 చేశారు, అది 2000 జనవరి 15 నుంచి అమలైంది. మీ జేజినాయన పాడిన రోజుల్లో ఆ హక్కు పుట్టనే లేదు. అప్పట్లో కంపెనీతో రాసుకున్న ఒప్పందంలో రాయల్టీ మాట ఉంటే దాని మీద అడగొచ్చు. పాత ట్రంకుపెట్టెల్లో, దస్తావేజుల మధ్య వెతకండి. ఒకాయనకు భూమి పాసుపుస్తకంలో మడిచిపెట్టిన ఒప్పందం దొరికింది, అందుకే చెప్తున్నాను.

లతా మంగేష్కర్, రఫీ ఈ విషయం మీదే మాట్లాడుకోవడం మానేశారట, నిజమేనా?

నిజమే. 1960లలో గాయకులకు కూడా రాయల్టీ రావాలని లతా మంగేష్కర్ పట్టుబట్టారు. పాడాం, డబ్బు తీసుకున్నాం, అక్కడితో అయిపోయింది అన్నది మహమ్మద్ రఫీ ఆలోచన. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. ఇద్దరూ మహానుభావులే. రఫీ గారిది ఉదార బుద్ధి. కానీ మన ఊళ్లలో రోజు కూలి మీద డోలక్ వాయించేవాళ్లకు ఆ ఉదారత భరించే స్తోమత లేదు. ఈ విషయంలో నేను లతా గారి వైపే.

మన దేశం ఎప్పుడైనా కాపీరైట్ గడువు పెంచిందా?

పెంచింది. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు. అప్పటి లెక్క ప్రకారం 50 ఏళ్లకు, అంటే 1991 చివరికి, ఆయన రచనల మీద హక్కు ముగియాలి. ఆ హక్కు చేతిలో ఉన్న విశ్వభారతి విశ్వవిద్యాలయం వాళ్ల విన్నపాల మధ్య 1991 డిసెంబర్ 28న ఆర్డినెన్స్ తెచ్చి, 1992లో చట్టం చేసి, 50ని 60 చేశారు. రికార్డింగులకు, సినిమాలకు కూడా అప్పుడే 60 వచ్చింది. జనగణమనను టాగూర్ ఇంగ్లీషులోకి మార్చింది 1919లో మన రాయలసీమలోని మదనపల్లెలోనే, ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గర్వంగా ఉంటుంది. ఆయన పేరు మీద రచయితలకూ కంపెనీలకూ పదేళ్లు కలిశాయి. పాడేవాళ్ల సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే వాళ్లకు పెంచడానికి అసలు హక్కే లేదు. 50కీ 60కీ మధ్య తేడా అలా మిగిలిపోయింది.

యూరప్‌లో ఎలా పెంచారు? ఊరికే పెంచారా, షరతులు పెట్టారా?

ఇదే అందరూ తెలుసుకోవాల్సిన భాగం.

ఇంగ్లండులో ఆ పోరాటానికి ముందు నిలిచిన గాయకుడు క్లిఫ్ రిచర్డ్. ఆయన 1940లో పుట్టింది మన లక్నోలో. మొదటి రికార్డు 1958లో వచ్చింది, కాబట్టి 2008 చివరికి దాని మీద హక్కు పోతుంది. పేరున్నవాళ్లతో పాటు, స్టూడియోల్లో రోజువారీ డబ్బుకు వాయించిన వేలమంది వాద్యకారులూ పెంచమని అడిగారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆండ్రూ గవర్స్ అనే ఆయనతో ఒక సమీక్ష చేయించింది. 2006 డిసెంబర్‌లో ఆయన పెంచొద్దని సిఫారసు చేశారు. అదనపు ఏళ్ల వల్ల కొత్త సంగీతం ఏమీ పుట్టదు, పాడినవాళ్లలో ఎక్కువమందికి చేరేది చాలా తక్కువ అన్నది ఆ వాదన. బ్రిటిష్ ప్రభుత్వం మొదట ఒప్పుకుంది, తర్వాత మనసు మార్చుకుంది.

2008లో యూరోపియన్ కమిషన్ ఏకంగా 95 ఏళ్లు చేద్దామంది. 2009లో యూరోపియన్ పార్లమెంటు దాన్ని 70కి తగ్గించింది. 2011 సెప్టెంబర్ 12న నిర్ణయం ఖాయమైంది. స్వీడన్, నెదర్లాండ్స్, బెల్జియం లాంటి దేశాలు వ్యతిరేకంగా ఓటేశాయి. సభ్యదేశాలన్నీ 2013 నవంబర్ 1 లోపు తమ చట్టాలు మార్చుకోవాలని గడువు పెట్టారు. అప్పటికే హక్కు ముగిసిన రికార్డులకు ప్రాణం పోయలేదు. 1962 దాకా వచ్చినవి అలాగే జనానివి అయిపోయాయి. పోరాటానికి ముందు నిలిచిన క్లిఫ్ రిచర్డ్ మొదటి పాటలు కూడా వాటిలోవే.

ఇక షరతులు. మొదటిది: ఒక్కసారి డబ్బిచ్చి పంపేసిన వాద్యకారుల కోసం, 50 ఏళ్లు దాటిన రికార్డుల అమ్మకాల మీద వచ్చే రాబడిలో 20 శాతం కంపెనీ ఏటా పక్కన పెట్టాలి. రెండోది: 50 ఏళ్ల తర్వాత కంపెనీ ఆ రికార్డును తగినన్ని కాపీలు అమ్మకానికి పెట్టకుండా, ఆన్‌లైన్‌లోనూ ఉంచకుండా మూలన పడేస్తే, పాడినవాళ్లు నోటీసు ఇవ్వొచ్చు. ఏడాదిలోగా కదలకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మూడోది: రాయల్టీ ఒప్పందం ఉన్నవాళ్లకు, పాత అడ్వాన్సుల పేరు చెప్పి ఆ అదనపు ఏళ్ల డబ్బులో కోతలు పెట్టకూడదు.

ఆ మూడింటిలో మొదటిది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. పక్క వాయిద్యం వాయించేవాడి పేరు తలచిన చట్టం నేను అంతకుముందు చూడలేదు.

గడువు పెంచితే మనవాళ్ల చేతికి డబ్బు వస్తుందా?

నా సంగతే చెప్తాను. 1998లో ఒక భక్తి క్యాసెట్టుకు రెండు రోజులు హార్మోనియం వాయించాను, కోరస్ కూడా పాడాను. ఎనిమిది పాటలు. చివర్లో ఒక వోచర్ మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకున్నారు. పైన ఏం రాసుందో చదవలేదు, కడపకు వెళ్లే ఆఖరి బస్సు అందుకోవాలన్న టెన్షన్‌లో ఉన్నాను. ఆ పాటలు ఇప్పటికీ తెల్లవారుజామున గుళ్ల మైకుల్లో వినిపిస్తాయి. యూట్యూబ్‌లో లక్షలమంది విన్నట్టు చూపిస్తుంది. ఎక్కడా నా పేరు లేదు, తబలా వాయించిన పెద్దాయన పేరు లేదు. ఆయన ఇప్పుడు లేరు.

మా హక్కు 2048 చివరిదాకా ఉంది. దాన్ని 2058 చేసినా, 2068 చేసినా, మా చేతిలో కాగితం లేకుండా, పాట మీద పేరు లేకుండా ఆ ఏళ్లు ఎవరికి ఉపయోగం? సున్నాను ఎన్ని ఏళ్లతో హెచ్చవేసినా సున్నాయే. ముందు ఉన్న 50 ఏళ్లలో డబ్బు చేరే దారి వేయాలి. గడువు పెంచడం దానితో పాటు జరగాలి, దానికి బదులుగా కాదు.

పెంచొద్దు అనేవాళ్లు కళాకారులకు శత్రువులా?

కాదు. వాళ్ల మాటలో బలం మన దగ్గరే కనిపిస్తుంది. రాయలసీమలో పౌరాణిక నాటకం ఆడని ఊరు తక్కువ. తిరుపతి వేంకట కవుల పద్యాలు రాని కృష్ణుడి వేషగాడు లేడు. ఆ జంటలో తర్వాత పోయిన చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు 1950లో కన్నుమూశారు, కాబట్టి ఆ పద్యాల మీద హక్కు 2010 చివరితో ముగిసింది. 1930లలో ఆ పద్యాలు పాడిన గ్రామఫోను రికార్డుల మీద హక్కు అంతకు చాలా ముందే పోయింది. అందుకే ఇవాళ ఒక పాత రికార్డు దొరికితే ఎవరైనా దుమ్ము దులిపి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందరికీ వినిపించవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అదే వాటి మీద 95 ఏళ్ల హక్కు ఉందనుకోండి. ఆ కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి, వారసులెవరో తెలియదు. అడగడానికి మనిషి లేడు, అడగకుండా పెట్టడానికి ధైర్యం చాలదు. అలా రికార్డులు అటకల మీద విరిగిపోతాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాల తొలితరం గొంతులు వినాలని ఎంత ఆశగా ఉంటుందో ఆలోచించండి. అమ్ముడుపోని పాటకు ఎక్కువ ఏళ్ల హక్కు ఇవ్వడమంటే దాన్ని పూడ్చిపెట్టడమే. అందుకే యూరప్ పెట్టిన 'వాడుకో, లేకపోతే వదులుకో' లాంటి షరతు లేకుండా గడువు పెంచడాన్ని నేనూ ఒప్పుకోను.

అమెరికాలో ఎన్నేళ్లు?

1998 చట్టంతో కంపెనీల కోసం తయారైన రచనలకు విడుదల నుంచి 95 ఏళ్లు చేశారు. 1972కు ముందటి రికార్డుల సంగతి 2018 దాకా తేలలేదు. 1923కు ముందటివి 2022 జనవరి 1న జనానివయ్యాయి. మనం నేర్చుకోవాల్సింది అక్కడి నుంచి కాదని నా అభిప్రాయం.

అంతర్జాతీయ ఒప్పందాలు మనల్ని పెంచమంటున్నాయా?

లేదు. 1961 రోమ్ ఒప్పందం 20 ఏళ్లు చాలంది. తర్వాత వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాళ్ల ట్రిప్స్ ఒప్పందం, 1996 నాటి ప్రదర్శకుల ఒప్పందం కనీసం 50 అన్నాయి. రెండోదానిలో భారత్ 2018లో చేరింది. 50కి మించి ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా మన పార్లమెంటు ఇష్టం.

సినిమాల్లో పాడినవాళ్ల సంగతేంటి?

1995 నుంచి 2012 దాకా ఒక గుంత ఉండేది. సినిమాలో తన పాట వాడుకోవడానికి ఒకసారి ఒప్పుకుంటే ఇక ప్రదర్శకుల హక్కు వర్తించదు అని చట్టంలోనే రాశారు. 2012 జూన్ 21 నుంచి అమలైన సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు కూడా, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాత ఆ పాటను ఆ సినిమాలో వాడుకోకుండా గాయకులు ఆపలేరు. కానీ ఆ పాటను వ్యాపారానికి వాడుకుంటే వాళ్లకు రాయల్టీ రావాలి. గాయకుల తరఫున వసూలు చేయడానికి ఒక సొసైటీ 2013లో రిజిస్టర్ అయింది. ఇప్పుడు దాన్ని ఇసామ్రా (ISAMRA) అంటారు, గాయకులతో పాటు వాద్యకారులూ అందులో ఉన్నారు. సినిమాలకు, ఆల్బమ్‌లకు పాడే మన పిల్లలు సభ్యత్వం గురించి తెలుసుకోవడం మంచిది.

మాది చెక్కభజన, మావాళ్లది ఉరుముల నృత్యం. స్టూడియో మొహం చూడలేదు. మాకు ఇవన్నీ వర్తిస్తాయా?

తప్పకుండా. చట్టం ప్రదర్శకుల జాబితాలో గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు గారడీవాళ్లను, దొమ్మరాటవాళ్లను, పాములవాళ్లను కూడా చేర్చింది. నిమ్మలకుంటలో తెర వెనక పద్యం పాడుతూ బొమ్మలాడించేవాళ్లూ అందులోకి వస్తారు. పాట తరతరాలది కావచ్చు, దాని మీద ఎవరికీ హక్కు లేకపోవచ్చు. మీరు ఆ రోజు పాడిన పాడడం మాత్రం మీది. మీ అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్మకూడదు.

జాతరలో ఎవరో ఫోన్‌లో తీసుకుని ఇంట్లో చూసుకుంటే తప్పు లేదు. సొంత వినియోగానికి, చదువు చెప్పడానికి, పరిశోధనకు, వార్తలకు మినహాయింపులున్నాయి. మీ వీడియోతో ఛానెల్ నడిపి డబ్బు చేసుకుంటే అది వేరే కథ. ఉరుములు వాయించేవాళ్ల వీడియోలు తీసుకెళ్లి, వాళ్ల ఊరి పేరైనా వేయకుండా వాడుకునేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు.

స్టూడియోలో పాడితే అది 'ప్రదర్శన' కాదని ఒకాయన అన్నాడు.

తప్పు. ఏ పాటైనా మొదట ఎవరో ఒకరు ప్రత్యక్షంగా పాడాల్సిందే, అది జనం ముందైనా స్టూడియోలోనైనా ఒకటే అని ఢిల్లీ హైకోర్టు 2006లో చెప్పింది. తాను పాడిన పాటకు వేరేవాళ్ల పేరు వేశారని నేహా భాసిన్ అనే గాయని వేసిన కేసు అది.

స్టేజి మీద నేను పాడిన పాటే మళ్లీ పాడుకోవడానికి కూడా అడగాలా?

2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి నుంచి నోటీసు వచ్చినప్పుడు అందరూ ఆశ్చర్యపోయింది ఇందుకే. పాడింది బాలు గారైనా వరుస మీద హక్కు వేరు. పై నాలుగు లెక్కలు గుర్తుంచుకుంటే ఇది అర్థమవుతుంది. టికెట్టు పెట్టి కచేరీ చేసేటప్పుడు నిర్వాహకులే లైసెన్సు తీసుకోవాలని ముందే మాట్లాడుకోండి.

నా పాటే నేను యూట్యూబ్‌లో పెడితే నాకే క్లెయిమ్ పడింది. ఇదేం న్యాయం?

ఈ ఫోన్ నాకు చాలాసార్లు వచ్చింది. క్లెయిమ్ అంటే ఆ పాట మీద హక్కు మాదని ఎవరో యూట్యూబ్‌లో చెప్పడం. మీరు పెట్టింది పాత క్యాసెట్టు నుంచి తీసిన ఆడియో అయితే, ఆ రికార్డింగు కంపెనీది. గొంతు మీదే అయినా ఆ ఆడియోను అలాగే పెట్టే హక్కు మీకు లేదు. సాహిత్యం, వరుస రెండూ పాతవై స్వేచ్ఛగా ఉంటే, మళ్లీ పాడి కొత్తగా రికార్డు చేసి పెట్టుకోండి. దానికి కూడా క్లెయిమ్ వస్తే భయపడకుండా డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టండి. మీ కొత్త రికార్డింగుకు హక్కుదారు మీరే.

కంప్యూటర్‌తో నా గొంతును తయారు చేసి పాడిస్తే?

ఏళ్ల గడువుతో తేలే విషయం కాదిది. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ కేసులో, ఏఐతో ఆయన గొంతును అనుకరించడాన్ని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆపింది. అది వ్యక్తిత్వ హక్కు కింద, అంటే తన పేరు, గొంతు, రూపం మీద మనిషికుండే హక్కు. పేరున్నవాళ్లకు అందిన ఈ రక్షణ మన ఊరి భజన గాయకుడికీ అందాలి. ప్రస్తుతానికి ఒప్పందంలోనే 'నా గొంతును యంత్రానికి నేర్పించకూడదు' అని ఒక వాక్యం రాయించుకోండి.

మీరు ఏం కోరుకుంటున్నారు, సూటిగా చెప్పండి.

పాడినవాళ్ల హక్కును కంపెనీ హక్కుతో సమానంగా 60 చేయాలి. 70, 95 ఇప్పుడు వద్దు. ఆ పదేళ్ల రాబడిలో ఒక వాటా వోచర్ మీద డబ్బు తీసుకుని వెళ్లిపోయిన వాద్యకారులకు, కోరస్ వాళ్లకు చేరాలి. కంపెనీ వాడని రికార్డును పాడినవాళ్లకు తిరిగి ఇవ్వాలి. ప్రతి రికార్డుతో పాటు వాయించిన అందరి పేర్లూ నమోదు కావాలి. ఆఖరిది లేకపోతే మొదటి మూడూ కాగితం మీదే ఉంటాయి, ఎందుకంటే ఎవరికి ఇవ్వాలో తెలియదు.

రేపు రికార్డింగుకు వెళ్తున్నాను. సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

మొదట, అది రసీదా, హక్కులు రాసిచ్చే పత్రమా చూడండి. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అందుకే 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు కనిపిస్తే ఆగి, వాటికి తగ్గ డబ్బు అడగండి, లేదా కొట్టేయించండి. 'ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో' అన్న మాట కూడా చూసుకోండి. రాయల్టీ ఎంతో, ఎప్పుడిస్తారో అంకెల్లో ఉండాలి. మీ పేరు ఎక్కడ వేస్తారో రాయించండి. చివరికి ఒక జిరాక్స్ తీసుకోండి. 'ఇవ్వం' అంటే ఫోన్‌లో ఫోటో తీయండి, ఎవరూ ఏమీ అనరు.

పేరు వేయలేదు. దానికి ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్మేసినా సరే, తన పేరు వేయమని అడిగే హక్కు పాడినవాళ్లకు ఉంటుంది. పరువు పోయేలా పాటను వంకరగా మారిస్తే ఆపమనొచ్చు. నిడివి కోసం కత్తిరించడం మాత్రం దాని కిందికి రాదు. ముందు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, స్పీడ్ పోస్టులో. వినకపోతే మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే కేసు వేయొచ్చు, చెన్నైకో ముంబైకో పరుగెత్తక్కర్లేదు.

ఇంట్లో పాత క్యాసెట్లు చాలా ఉన్నాయి. ఏం చేయమంటారు?

మీ బృందం పాడినవైతే ముందు వాటిని కాపాడండి. మన కడప ఎండకు టేపు సాగుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. చాలాకాలంగా కదిలించని క్యాసెట్టును వెంటనే ప్లే చేయకండి. నిలబెట్టి, నీడలో, పెట్టెలో ఉంచండి. బూజు కనిపిస్తే టేప్‌రికార్డర్‌లో పెట్టకుండా తెలిసినవాళ్లకు చూపించండి. బాగున్నవాటిని నెమ్మదిగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, ఇంట్లో వినడానికి చేసుకునే కాపీకి ఇబ్బంది లేదు.

ఆ పని చేసేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ ఏడాది, ఏ ఊరు, ఎవరు పాడారు, హార్మోనియం ఎవరు, తబలా ఎవరు, తాళాలు ఎవరు అన్నీ రాయండి. గుర్తు రాకపోతే ఆ బృందంలో బతికున్న పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి వినిపించండి. రెండో చరణం దాటేలోపు వాళ్లే చెప్తారు, అది ఎవరి వేళ్లో.